సవరణ: ఆంత్రోపాలజీ చదువు గురించి

ఆంత్రోపాలజీ అంటే మానవ శాస్త్రం, మనుషుల శరీరాన్నీ జీవన విధానాన్నీ చదివే సబ్జెక్టు. దాని గురించి శ్రీకాకుళం డిగ్రీ పిల్లల కోసం నేను ముందు పెట్టిన పోస్టులో రెండు సవరణలు. సివిల్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకోవాలంటే అదే సబ్జెక్టులో డిగ్రీ ఉండాలని అందులో ఉంది. అక్కర్లేదు. ఏ డిగ్రీ వాళ్లైనా తీసుకోవచ్చు. రెండు పేపర్లు, మొత్తం 500 మార్కులు. సీతంపేట మన శ్రీకాకుళం జిల్లా అని కూడా అందులో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా.

ఇంకో మాట. ఈ చదువు సివిల్స్ కోసమే అన్నట్టు చాలామందికి అర్థమైంది, కాదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే ఆంత్రోపాలజీ విభాగం ఉంది. ఇందులో అసలు పని ఫీల్డ్‌వర్క్. సవర గిరిజనుల ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కుటుంబం పటం గీయాలి: మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. ఎవరికి ఎవరు మేనమామో, పోడు భూమి ఎవరి చేతికి వస్తుందో ఆ కాగితం మీద తేలుతుంది. నాకైతే ఇంత గొప్పగా మనుషుల్ని దగ్గర చేసే చదువు ఇంకోటి కనిపించలేదు.

ఇలా ఓపికగా కూర్చుని మనుషుల్ని తెలుసుకోవడం ప్రజారోగ్యంలో, గిరిజన సంక్షేమంలో, మ్యూజియాల్లో పనికొస్తుంది. ఎముకల మీద ఆసక్తి ఉంటే ఫోరెన్సిక్ (నేర పరిశోధనకు సాయపడే శాస్త్రం) వైపు వెళ్లొచ్చు. 1945లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. ఉద్యోగాలు తక్కువే, అది నిజం. లెక్చరర్ కావాలనుకునేవాళ్లకు యూజీసీ నెట్ అనే అర్హత పరీక్షలో ఈ సబ్జెక్టు ఉంది.