వైఫై రౌటరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వైఫై రౌటరు గారికి,

ఉప్పల్ వైపు ఒక పాత అపార్ట్‌మెంటు నుంచి తమ చందాదారు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమా కాదా అన్నదే ఎంతకీ తేలడం లేదు. ఆ ముక్క కనుక్కుందామనే ఈ ఉత్తరం.

మామూలు మనుషుల్ని బాగున్నారా అని అడిగితే బాగున్నామనో, మోకాళ్ల నొప్పులనో ఏదో ఒకటి నోటితో చెప్తారు. తమరు లైట్లు చూపిస్తారు. పవర్ లైటు పచ్చగా ఉంది, సంతోషం. పాన్ (PON) అని రాసిన లైటు ఆగి ఆగి వెలుగుతుంటే, కంపెనీ వైపు ఉన్న పెద్ద మిషన్‌తో తమరికి ఇంకా మాటలు కుదరలేదని అర్థం. లాస్ (LOS) అన్న చోట ఎర్రగా కొట్టుకుంటే ఫైబర్ అనే గాజు తీగలోంచి రావాల్సిన వెలుతురు రావడం లేదని. ఇదంతా నాకు బళ్లో చెప్పిన చదువు కాదు, వచ్చిపోయే లైన్‌మన్ కుర్రాళ్ల దగ్గర ముక్కా ముక్కా ఏరుకున్నది. బయట తీగ తెగి ఇంట్లో అందరూ నెత్తి పట్టుకుని కూర్చున్నా సరే, వైఫై లైట్లు రెండూ మాత్రం పెళ్లింటి సీరియల్ సెట్లలా మెరుస్తూనే ఉంటాయి. మా ఆవిడ సెల్లులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, పక్కన పిసరంత ఆశ్చర్యార్థకం. "సిగ్నల్ ఫుల్లుగా ఉందిగా, మరి ఇది ఎందుకు తిరుగుతోంది?" అని నన్ను నిలదీస్తుంది. ఉన్న సిగ్నలంతా తమరికీ సెల్లుకీ మధ్య, గోడకి ఇవతల. అవతల ఏమైందో తమరు చెప్పరు, తమరి బదులు నేను చెప్పాలి.

అసలు నాకు కావాల్సింది ఒక్క సంగతి. పోయింది మా ఇంట్లోనా, దారిలోనా, కంపెనీలోనా? ఈ మూడింట్లో ఏదో తేల్చి చెబితే మిగతా ఏర్పాట్లు మేం చూసుకుంటాం. తమరి ముఖాన అన్ని లైట్లున్నాయి కానీ ఆ లైటు లేదు.

ఇంటర్నెట్ ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు, సెల్లులో డేటా ఉంది, రోజు గడిచిపోతుంది. తమరు మా నాన్నగారి ల్యాండ్‌లైన్‌ని కూడా వెనక తగిలించుకున్నారు చూడండి, అక్కడొచ్చింది తంటా. 040తో మొదలయ్యే ఆ నంబరు ఎల్‌ఐసీ బాండ్ల మీద ఉంది, గ్యాస్ పుస్తకం మీద ఉంది, ఊళ్లో బంధువుల డైరీల్లో బాల్‌పెన్నుతో రాసి ఉంది. రాగి తీగ తీసేసి ఫైబర్ వేసేటప్పుడు నంబరు మారదని చెప్పారు, ఆయన సరేనన్నారు. ఫోను ఇకనుంచి గోడలోంచి కాకుండా తమరి వీపున ఉన్న చిన్న రంధ్రంలోంచి మాట్లాడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాత ఫోనుకి స్టేటస్ చూడటమంటే రిసీవరెత్తి చెవికి పెట్టుకోవడమే. గుర్రుమంటే బతికుంది, లేకపోతే పోయింది. ఎక్స్ఛేంజీ వాళ్లు 48 వోల్టుల కరెంటుని ఆ తీగలోనే పంపేవాళ్లు, బ్యాటరీలు వాళ్ల దగ్గరే ఉండేవి, కాబట్టి ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు ఆ గుర్రుమనే చప్పుడు కూడా తమరి మిమిక్రీయే. ఎక్కడి నుంచో రావడం లేదు, టీవీ వెనక కూర్చుని తమరే తయారుచేసి వినిపిస్తున్నారు. ఎండాకాలం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 12 వోల్టుల అడాప్టరుతో పాటు తమరూ, తమరితో పాటు ఫోనూ పడుకుంటారు. కరెంటు పోయిందని కరెంటాఫీసుకి చెబుదామంటే, అదే కరెంటు లేక ఫోను పనిచేయదు. ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ చూడలేదు.

ఆ బాధ పడలేక తమరికో చిన్న యూపీఎస్ కొనిపెట్టాం. ఇక్కడ మాత్రం తమ వర్గాన్ని మెచ్చుకోవాలి. కంపెనీ నుంచి వచ్చే ఒక్క తీగని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచే స్ప్లిటర్ అనే గాజు ముక్క దారిలో ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. అక్కడ కంపెనీలో, ఇక్కడ తమరి దగ్గర కరెంటు ఉంటే చాలు, మధ్యలో వీధులన్నీ చీకట్లో ఉన్నా పని జరిగిపోతుంది. ఆ స్ప్లిటర్ పుణ్యాన ఇంకో సులువు కూడా ఉంది. లాస్ ఎర్రబడగానే కస్టమర్ కేర్‌కి చేయకుండా ముందు ఎదురింటి తలుపు కొట్టాలి. "ఆంటీ, మీకు నెట్ వస్తోందా?" వాళ్లది కూడా ఇదే కంపెనీ అయి వాళ్లకీ రాకపోతే తెగింది బయట. వాళ్లకి వస్తూ మనకి రాకపోతే తీగ చాలావరకు మన ఇంటికొచ్చే దారిలోనో, మన బీరువా వెనకో నలిగిందన్నమాట. తమరి లైట్లన్నీ కలిసి చెప్పలేని సంగతి ఎదురింటి ఆంటీ, చేతిలో గరిటె పట్టుకునే, ఒక్క మాటలో చెప్పేస్తుంది.

పోనీ తమర్నే లోపలికి తొంగిచూద్దామంటే ఆ దర్శనానికి పెద్ద తతంగం. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టాలి. కొన్ని ఇళ్లల్లో చివర 0.1 ఉంటుంది, 100.1 కూడా ఉంటుంది, అది తమరి బొజ్జ కింద స్టిక్కరు మీద రాసుంటుంది. ఆ స్టిక్కరు చదవాలంటే తమర్ని తిరగేయాలి, తిరగేస్తే తీగ వంగుతుంది, ఎక్కువ వంగితే అందులో వెలుతురు పక్కకి కారిపోతుంది, అప్పటిదాకా లేని జబ్బు కూడా అప్పుడు వస్తుంది. పాస్‌వర్డు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అందులో ఉన్నది సున్నానా, ఇంగ్లీషు ఓ నా అన్నది తమరికీ ఆ పరమాత్మకీ తెలియాలి. మా నాన్నగారు భూతద్దం తెచ్చారు, నేను ఫొటో తీసి పెద్దది చేశాను, ఆయనది ఒకటి నాది ఒకటి.

లోపలికి వెళ్లాక కదా అసలు విషయం! స్టేటస్ అనే పేజీలో ఆప్టికల్ అన్న చోట ఆర్ఎక్స్ పవర్ అని, తమరికి చేరే వెలుతురెంతో డీబీఎం అనే కొలతలో చెప్పే ఒక అంకె ఉంటుంది, ఎప్పుడూ మైనస్‌లోనే. మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉంటే తమరికి ఆరోగ్యం బాగున్నట్టు. మైనస్ 30 అంటే మిల్లీవాట్‌లో వెయ్యో వంతు వెలుతురు మాత్రమే చేరుతోందని, అంటే తీగ ఎక్కడో నలిగిందనో, జాయింటు పాడైందనో, ఆ పచ్చ కనెక్టరు మొనకి దుమ్ము పట్టిందనో. చూశారా, జబ్బేమిటో తమరికి అంకెతో సహా తెలుసు! తెలిసీ ఎవరూ చూడని పేజీలో, పాస్‌వర్డు వెనక, ఇంగ్లీషులో దాచుకుని, పైకి మాత్రం ఒక ఎర్ర లైటు మిటకరించి కూర్చుంటారు. లైన్‌మన్ కుర్రాడు వచ్చి చేసే మొదటి పని కూడా అదే, పవర్ మీటరు పెట్టి "సార్, మైనస్ ముప్పై వస్తోంది" అంటాడు. ఆ అంకె కోసం వాడు ఎండలో బండి మీద రావాలా?

ఫోను సంగతి ఇంకో పేజీలో, వాయిస్ అన్న చోట. అక్కడ రిజిస్టర్డ్ అని ఉంటే ఫోను బతికున్నట్టు. మా ఇంట్లో తరచూ ఉండే మాట రిజిస్టరింగ్. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పొలం కాగితాలకి కూడా ఇంతసేపు పట్టలేదు మాకు. నెట్టూ ఫోనూ ఒకే తీగలో వచ్చినా లోపల వాటి దారులు వేరు, ఖాతాలు వేరు, అందుకని నెట్టు దివ్యంగా వస్తుండగా ఫోను పడిపోవచ్చు, దాని తల్లకిందులు కూడా జరగొచ్చు. ఈ సంగతి కస్టమర్ కేర్‌లో అమ్మాయికి అర్థమయ్యేసరికి తలప్రాణం తోకకొస్తుంది. "సర్, మీ ఇంటర్నెట్ యాక్టివ్‌గానే చూపిస్తోంది." అవునమ్మా, నేను అడిగేది ఫోను గురించి. "సర్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

చేశాం తల్లీ. మా ఇంట్లో దీపారాధన తర్వాత ఆ కార్యక్రమమే. నిజానికి ఆఫ్ చేసి కాసేపాగి ఆన్ చేస్తే చాలా జబ్బులు పోతాయి, అది కాదనను. కాకపోతే తమరు లేచి, ఒళ్లు విరుచుకుని, కంపెనీని పలకరించి, చిట్టచివర్న ఫోనుకి రిజిస్ట్రేషన్ చేయించేసరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఈలోపే నాన్నగారు రిసీవరెత్తి "ఇంకా రాలేదురా" అని ప్రకటిస్తారు. వెనక సూది దూరేంత బెజ్జం ఒకటుంది, అది మాత్రం వేరే కథ. మా బావమరిది ఒకసారి పిన్నీసుతో దాన్ని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. వైఫై పేరూ, నెట్టు లాగినూ, ఫోను ఖాతా వివరాలూ అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వైఫై పేరు మనం మళ్లీ పెట్టుకోవచ్చు, ఫోను ఖాతా పాస్‌వర్డు కంపెనీ మనకి ఇవ్వదు, మళ్లీ వాళ్లే ఎక్కించాలి. బావమరిది ఆ సాయంత్రం బస్సుకే ఊరెళ్లిపోయాడు.

అన్నిట్లోకీ అసలైన వింత ఏకపక్ష సంభాషణ. రాజమండ్రి నుంచి నాన్నగారి స్నేహితుడు ఫోన్ చేస్తారు, ఆయన మాట ఈయనకి శుభ్రంగా వినిపిస్తుంది, ఈయన మాట ఆయనకి చేరదు. వాళ్ల స్నేహంలో నాన్నగారు మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా విన్నది బహుశా అప్పుడే. ఫోను మోగించే కబురు ఒక దారిన, మాటలు వేరే దారిన వెళ్తాయి, పోయే మాటకీ వచ్చే మాటకీ కూడా దారులు వేరు, అందులో ఒకటి మూసుకుపోతే ఇలా అవుతుందట. ఇంట్లో ఫోనుకీ నెట్టుకీ మధ్య ఇంకో రౌటరు పెట్టుకున్నవాళ్లు అందులో సిప్ ఏఎల్‌జీ (SIP ALG) అనే, ఫోను కబుర్లలో వేలుపెట్టే ఆప్షన్ ఆపేసి చూడొచ్చు, చాలాసార్లు కుదురుతుంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే కారణం వేరు. సీసీ కెమెరా వీడియోలూ, పెళ్లి ఫొటోలూ పైకి ఎక్కుతూ దారంతా ఆక్రమించి ఉంటాయి. మనిషి మాటకి కావాల్సింది సెకనుకి సుమారు వంద కిలోబిట్లు, అంటే మా వంద ఎంబీపీఎస్ ప్లానులో వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతు చోటు నాన్నగారి "హలో"కి దొరకదు.

కాల్ అసలే వెళ్లకపోతే మాత్రం తమర్ని తిట్టే ముందు ఒకటి చూసుకోవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలి. నాన్నగారు ఈ నిబంధనని ఇప్పటికీ గుర్తించలేదు.

తప్పంతా తమరిదే అనడం కూడా అన్యాయం. తమరి ప్రాణం ఉన్నది కరెంటు స్తంభాల మీద వేలాడే ఆ నల్లతీగల్లో. 2025 ఆగస్టులో మా పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, నగరమంతా స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు. ప్రాణాలు పోయిన చోట తీగలు తీయొద్దని ఎవరంటారు? ఏళ్ల తరబడి ఏది పనికొచ్చే తీగో, ఏది చచ్చిన తీగో చూడకుండా ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయిన కంపెనీలని ముందే అడగాల్సింది. కత్తిరించిన రోజుల్లో ఏరియా ఏరియాలకే నెట్టు పోయింది, ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లు లాప్‌టాప్‌లు చంకలో పెట్టుకుని చుట్టాల ఇళ్లకి వెళ్లారు. తమరు మాత్రం ఎప్పట్లాగే ఎర్ర లైటు వేసుకుని కూర్చున్నారు. తీగ బీరువా వెనక నలిగినా అదే ఎరుపు, ఊరంతా తెగినా అదే ఎరుపు!

కాబట్టి విన్నపం. తమరి ముఖాన అరంగుళం తెర ఒకటి పెట్టించుకోండి. అందులో తెలుగులో ఒక్క వాక్యం చాలు: "తీగలో వెలుతురు లేదు", లేదా "వెలుతురు ఉంది, కంపెనీ పలకడం లేదు", లేదా "నెట్టు బాగుంది, ఫోను రిజిస్టర్ కాలేదు". ఇవన్నీ తమరికి తెలిసిన సంగతులే, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. అది కుదరకపోతే కనీసం ఆ వైఫై లైట్లని ఆపుకోండి, లోపల సరుకు లేనప్పుడు దుకాణానికి దీపాలెందుకు?

ఇట్లు,
నెలనెలా బిల్లు కడుతున్న తమ చందాదారు

తా.క.: ఇది రాస్తుండగానే మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించి టికెట్ క్లోజ్ చేశామని. లైన్‌మన్ రాలేదు, లాస్ ఎర్రగానే ఉంది. మళ్లీ తెరిపిద్దామని సెల్లు నుంచి చేస్తే, దయచేసి మీ రిజిస్టర్డ్ నంబరు నుంచి కాల్ చేయండి అంటోంది రికార్డు. రిజిస్టర్డ్ నంబరు ఆ 040దే.