కాలం ఆదా చేయువారికి హెచ్చరిక

టైమ్ మిగుల్చుకోవడం ఎలాగో, టెన్షన్ తగ్గించుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఫోను తెరిస్తే వాళ్ళే. తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటారు. రేపటి పనులు ఈ రాత్రే రాసిపెట్టుకోమంటారు. 25 నిమిషాలు పనిచేసి 5 నిమిషాలు ఆగమంటారు. వాళ్ళు చెప్పేది తప్పని అనను. వాళ్ళెవరూ నెల్లూరులో ఉద్యోగం చేసినట్టు లేదు, మేనత్తను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కారులో ఎక్కడికీ పోయినట్టూ లేదు, అంతే.

అసలు ఇబ్బంది టైమ్ లేకపోవడం కాదు, మిగిలిన టైమ్ నలుగురి కంటా పడటం. ఆఫీసులో మూడింటికల్లా బల్ల ఖాళీ చేసినవాడి గతి గమనించండి. మూడుంబావుకి పక్క సెక్షన్ ఫైళ్ళు వాడి ముందుకొస్తాయి. "నీకైతే చిటికెలో పని గదా అబ్బయా" అని ఒక మెచ్చుకోలు ఉచితం. ఆ పక్క సెక్షన్ ఆయనేమో ట్యాగు విప్పి, కాగితాలు సర్ది, మళ్ళీ ట్యాగు కట్టి, కట్టింది వంకరగా ఉందని మళ్ళీ విప్పుతూ సాయంత్రం ఆరైనా కుర్చీ వదలడు. పెద్దసారు ఇంటికి పోతూ పోతూ ఆయన్ని చూసి, "పాపం, ఒక్కడే చచ్చేట్టు చేస్తున్నాడు" అని నిట్టూరుస్తాడు. మూడింటికి పని ముగించినవాడు మాత్రం ఆ నిట్టూర్పుకు నోచుకోడు. వాడికేం పని ఉంది గనక!

కనుక మొదటి సూత్రం, మిగిల్చిన టైమును దాచిపెట్టాలి. ఎక్కడ దాచాలన్నదే ప్రశ్న. బీరువాలో కుదరదు, బ్యాంకులో కుదరదు. ఈ వ్యాసకర్త చాలాకాలం ఆలోచించి తేల్చింది ఏమిటంటే, పంచాంగంలో దాచాలి.

సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని ఏ మంచి పనికీ పనికిరాదని పక్కన పెట్టారు మన పెద్దలు. అదే రాహుకాలం. ఆరు నుంచి ఆరు పగలనుకుంటే రోజుకు గంటన్నర. ఇంత కచ్చితంగా, రోజూ, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా వచ్చే విశ్రాంతి మరే సర్వీసు రూల్సులోనూ లేదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. సరిగ్గా రివ్యూ మీటింగు పెట్టే టైము. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, అంటే 'అర్జెంటుగా ఒక స్టేట్‌మెంట్ కావాలి' అని ఫోను వచ్చే టైము. గురువారం ఒకటిన్నర నుంచి మూడు, భోంచేసి వచ్చాక కళ్ళు మూతలు పడే టైము. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు గురించి వేరే చెప్పాలా? ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిద్రలేచి, 'రేపు పదింటికి అందరూ పూర్తి సమాచారంతో రావలెను' అని ఆవులించేది అప్పుడే. ఒక్క సోమవారమే కొంచెం అన్యాయం, ఏడున్నర నుంచి తొమ్మిది. ఆఫీసు తెరవకముందే అయిపోతుంది. మిగతా రోజుల్లో గంటన్నర చాలకపోతే యమగండం ఉంది, వర్జ్యం ఉంది, దుర్ముహూర్తం ఉంది. నాలుగూ కలిపి పట్టుకుంటే పనిచేయడానికి మిగిలే సమయంలో ఎవరికీ టెన్షన్ వచ్చే అవకాశం లేదు.

దీన్ని మూఢనమ్మకం అనేవాళ్ళు అంటారు. అననివ్వండి. వాళ్ళే కొత్త కారు తాళాలు తీసుకునేటప్పుడు షోరూము గోడమీది క్యాలెండరు వైపు చూస్తారు.

దర్శన వేళల విషయంలోనూ మనకు దగ్గర్లోనే ఆదర్శం ఉంది. కందుకూరు దాటి లోపలికి వెళితే మాలకొండ. అక్కడి మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి భక్తులకు దర్శనమిచ్చేది శనివారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో దేవతలు, ఋషులు వచ్చి కొలుస్తారని నమ్మకం. చూడండి, ఏడు రోజుల్లో ఆరు రోజులు మామూలు జనం తాకిడి లేదు, అయినా మహిమ రవ్వంత తగ్గలేదు, శనివారం వచ్చిందంటే కొండ కిటకిటే. మన ఆఫీసుల్లోనూ ఇది కొంతవరకు అమల్లో ఉంది. సారు ఏ రోజు సీట్లో ఉంటారో తెలియదు గనక జనం రోజూ వచ్చి చూసిపోతున్నారు. స్వామికి ఉన్న పాటి స్పష్టత సారుకు కూడా ఉంటే ఆటో చార్జీలన్నా మిగిలేవి.

ఇక కుటుంబంతో ప్రయాణం. ఇక్కడ మన పూర్వులు వారశూల అనే కట్టుదిట్టమైన ఏర్పాటు చేసి పెట్టారు. సోమ, శనివారాలు తూర్పుకు పోరాదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమరకు పోరాదు. దీన్ని నెల్లూరు మ్యాపు మీద పరిచి చూస్తే అసలు రహస్యం బయటపడుతుంది. శనివారం తూర్పు లేదు, కాబట్టి మైపాడు బీచ్ కొట్టేశాం. ఆదివారం పడమర లేదు, పెంచలకోన పోయింది, సోమశిల పోయింది. గురువారం చెన్నై బట్టల షాపులు పోయాయి. ఇంటాయన జేబుకు, ఒంటికి ఇంతకన్నా రక్షణ ఏ ఇన్సూరెన్సు ఇస్తుంది? శనివారం ఉత్తరానికి మాత్రం అడ్డు లేదు. మాలకొండ తెరిచేది ఆ రోజే, అది ఉండేది అటే. తప్పించుకునే దారి లేదు గనక బయల్దేరాలి.

వేదాయపాళెం నుంచి ఉదయం ఆరింటికి బయల్దేరాలని శుక్రవారం రాత్రి తీర్మానం జరుగుతుంది. కావలిలో కారెక్కాల్సిన బావ ఆరింటికి ఫోను చేస్తాడు. "ఏందబ్బా, యాడిదాకా వచ్చినారు?" ఇంటాయన నోట్లో బ్రష్షు తీసి, "పెన్నా బ్రిడ్జి మీదుండాం బావా" అంటాడు. పాపం బావ ఆ మాట నమ్మడు. నమ్మనని పైకి అనడు. ఆయన కూడా మంచం మీదే ఉన్నాడు. ఇలా ఇద్దరికీ టెన్షన్ లేకుండా గంట గడుస్తుంది. పులిహోర చల్లారాలి, చల్లారకుండా డబ్బాలో పెడితే చెమ్మ పడుతుంది. మేనత్తకు మాత్రలు రెండు రకాలు, అవి నిన్నటి సంచిలో ఉన్నాయి, నిన్నటి సంచి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పిల్లల్లో ఒకడు రెడీ అయ్యి, ఇంకొకడు రెడీ అయ్యేలోపు మొదటివాడు చొక్కా మీద పాలు పోసుకుంటాడు.

అంతా గుమ్మం దాకా వచ్చేసరికి ఎనిమిదీ యాభై. సరిగ్గా అప్పుడు మేనత్త గుర్తు చేస్తుంది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం.

ఇక్కడే మన సంప్రదాయపు మేధస్సు చూడాలి. ఇంటావిడ ఒక బట్టల సంచి తీసుకుని ఎదురింటికి పోయి, "అక్కా, కాసేపు మీ ఇంట్లో ఉంచు" అని అరుగు మీద పెట్టి వస్తుంది. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. అంటే తొమ్మిది కాకముందే ప్రయాణం మొదలైపోయింది. మనుషులే ఇంట్లో ఉన్నారు. ఫ్యాను వేసుకుని, ఉప్మా తిని, తీరిగ్గా పదింటికి కారు తుడుచుకోవచ్చు. బావకు కూడా అబద్ధం చెప్పక్కర్లేదు, బయల్దేరామనే చెప్పొచ్చు. ఆఫీసులో బల్ల మీద కళ్ళజోడు పెట్టి, పైన ఫ్యాను తిప్పి, కుర్చీకి తువ్వాలు వేసి టీకి పోవడం కూడా ప్రస్థానమేనని, దాన్ని డ్యూటీ కింద లెక్కించాలని ఈ వ్యాసకర్త సవినయంగా కోరుతున్నాడు.

కోవూరు దాటాక "గీజరు కట్టేశామా?" అని వెనక సీట్లోంచి ఒక గొంతు వినపడటం, కారు వెనక్కి తిరగడం, గీజరు కట్టేసే ఉండటం గురించి నేను రాయను. అందరిళ్ళలోనూ ఉన్నదే.

ప్రభుత్వాలు మన టైము మిగిల్చడానికి ఏం చేయలేదని అనడం కూడా అన్యాయం. టోల్‌గేట్ల దగ్గర చిల్లర కోసం నిలబడే బాధ లేకుండా 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. కావలి దగ్గర ఆ పది నిమిషాలు నిజంగానే మిగులుతాయి. వాటిని భద్రంగా పట్టుకెళ్ళి ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడి పళ్ళ బుట్టల ముందు ఖర్చుపెడతాం. కాలం కాకపోతే సపోటాలైనా ఉంటాయి. కారు ఆపి, ఒక పండు నొక్కి, వాసన చూసి, "పోయినసారి ఇంతకే ఎక్కువిచ్చినావు గదమ్మా" అని బేరం మొదలెడితే పది నిమిషాలు కాదు, అరగంటకు తక్కువ తెగదు. మిగిలిన టైము ఎక్కడికి పోతోందని ఆర్థికవేత్తలు అడిగితే ఉలవపాడు చూపించవచ్చు.

రైల్వేవాళ్ళది ఇంకా పెద్ద మనసు. టికెట్టు 120 రోజుల ముందు బుక్ చేసుకునే పద్ధతిని 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. లీవు దొరుకుతుందో లేదో అన్న నాలుగు నెలల గుబులు ఒక్క దెబ్బతో రెండు నెలలకు దిగింది. లీవు లెటరు మీద సంతకం ఎలాగూ రెండు రోజుల ముందు సాయంత్రమే పడుతుంది. అప్పుడిక తత్కాలే దిక్కు. ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. రెండూ నిఖార్సైన ఆఫీసు టైములు. పదీ అయ్యేసరికి సెక్షన్ మొత్తం కిటికీ దగ్గర సిగ్నల్ కోసం నిలబడి ఉంటుంది. పేర్లు, వయసులు, లోయర్ బెర్తు, అన్నీ కొట్టి ఉంచుతారు. ఆధార్ ఓటీపీ వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు 40. మన ఆఫీసుల్లో అంత ఏకాగ్రతతో, అంత క్రమశిక్షణతో, అందరూ కలిసికట్టుగా చేసే పని ఇంకొకటి నా కంటబడలేదు.

దీని ఋణం ఆఫీసు ఉంచుకోదు. ఆదివారం మైపాడులో చూడండి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అల వచ్చినప్పుడల్లా ఒక కాలెత్తుతూ, ఫోను చెవికి అదుముకుని అరుస్తుంటాడు ఒకాయన. "రెండో బీరువా సార్... మూడో అర... కాదు సార్, ఎర్ర ట్యాగు... వినపడతా ఉందా సార్?" పక్కన కూతురు కట్టిన ఇసుక గూడును అల తీసుకుపోతుంది. "నాన్నా చూడలేదు" అని ఆ పిల్ల మళ్ళీ కట్టడం మొదలెడుతుంది. ఆయన చూసింది లేదు, ఎర్ర ట్యాగు ఫైలు దొరికిందీ లేదు. ప్రయాణం పనులు ఆఫీసులోనూ, ఆఫీసు పనులు ప్రయాణంలోనూ చేసుకోవడం అనే ఈ పద్ధతికి ఇంగ్లీషువాళ్ళు బ్యాలెన్స్ అని పేరు పెట్టి సెమినార్లు నడుపుకుంటున్నారు. మనం ఫీజు లేకుండానే సాధించాం.

చివరిగా ఒక్క మనవి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ ఎలా జరుగుతుందో తెలిసిందే. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకు పంచుతారు. ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్ళి రొట్టె ఉంది, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె కూడా ఉన్నాయి. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఎంత వెతికినా లీవు రొట్టె పట్టుకున్న చేయి ఒక్కటీ కనపడలేదు. పంచాలంటే ముందు ఎవరికో ఒకరికి తీరి ఉండాలి కదా. ఈ ఏడు కాస్త తీరిగ్గా, చెరువు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతుకుదామని రెండు రోజులకు దరఖాస్తు పెట్టుకున్నాను. సారు బల్ల మీద ఉంది. కళ్ళజోడూ అక్కడే ఉంది, ఫ్యానూ తిరుగుతోంది.