సవరణ: గోర్డన్ బ్యాంక్స్ స్మృతి పోస్టులో రెండు వాక్యాలు

ఇంగ్లండ్ గోల్‌కీపర్ గోర్డన్ బ్యాంక్స్ చనిపోయాక ఆయన ఆడిన క్లబ్ స్టోక్ సిటీ అభిమానులు ఆయన్ని తలచుకున్న తీరుపై మేం పెట్టిన పోస్టులో రెండు వాక్యాలు మార్చాం.

మొదటిది, "పీలే హెడర్‌ని ఆపి ఇంగ్లండ్‌ను గెలిపించాడు" అన్నది. 1970 జూన్ 7న గ్వాదలహారాలో జరిగిన ఆ ప్రపంచకప్ మ్యాచ్‌లో గెలిచింది బ్రెజిల్, 1-0తో. గోల్ కొట్టింది జైర్జిన్యో. పీలే తలతో కొట్టిన బంతిని పక్క నుంచి అందించిందీ (క్రాస్) అతనే. నేలకు తగిలి పైకి లేస్తున్న బంతిని బ్యాంక్స్ కుడివైపు దూకి, కుడిచేత్తో బార్ మీదుగా తోసేశాడు. ఓడిపోయిన మ్యాచ్‌లోని సేవ్‌ని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నారంటే అదెలాంటిదో మీరే ఊహించుకోండి. వారం తర్వాత క్వార్టర్ ఫైనల్‌కి కడుపు పాడై ఆయన దిగలేదు. పశ్చిమ జర్మనీ 3-2తో ఇంగ్లండ్‌ను ఇంటికి పంపింది.

రెండోది, "1972 కారు ప్రమాదంతో ఆయన ఆట ముగిసింది" అన్న వాక్యం. కుడికన్ను చూపు పోయింది, ఇంగ్లండ్‌లో లీగ్ ఆట ఆగిపోయింది, అంతవరకు నిజమే. కానీ 1977లో అమెరికా వెళ్లి ఫోర్ట్ లాడర్‌డేల్ స్ట్రైకర్స్ జట్టుకి కీపింగ్ చేశాడు. ఒంటికన్నుతో!

పాత పోస్టులో లేని ఒక సంగతి కూడా చేర్చాం. స్టోక్ వాళ్లకి పీలే సేవ్ కంటే 1971-72 లీగ్ కప్ (ఇంగ్లండ్ క్లబ్‌ల పోటీ) సెమీఫైనలే ముద్దు. అదనపు సమయంలో వెస్ట్‌హామ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన పెనాల్టీని బ్యాంక్స్ ఆపబట్టే ఆ పోరు రీప్లేల (మళ్లీ ఆడే మ్యాచ్‌ల) దాకా సాగింది. చివరికి ఫైనల్లో చెల్సీని 2-1తో ఓడించి కప్పు ఎత్తారు.

2019 ఫిబ్రవరి 12న చనిపోయేనాటికి ఆయన వయసు 81. ఇందులో మార్పు లేదు.