పైవాటాకి ఎన్ని అరిసెలు?

(గుంటూరు. డిసెంబరు 23, రాత్రి ఎనిమిదిన్నర. పొయ్యి దగ్గర సువార్తమ్మ. పుట్టుకతో లూథరన్, స్త్రీల సమాజంలో వాక్యం చెప్పే మనిషి. స్టూలు మీద పద్దుల పుస్తకంతో ఇన్నయ్య. ఫిరంగిపురం ఆర్సీయం, అంటే రోమన్ కేథలిక్. సహకార బ్యాంకులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా ఎవరి గుడి వారిదే.)

ఇన్నయ్య: పాకం అయిందా?

సువార్తమ్మ: ఇంకా తీగపాకమే. ఉండపాకం రావాలి. ఆ యాలకులు వలవండి.

ఇన్నయ్య: వలిచాను. ఇరవై నాలుగు. రెండు కిలోల పిండి, కిలోన్నర బెల్లం, వంద గ్రాముల నువ్వులు. అన్నీ రాశాను. ఇక పంపకాల లిస్టు చదువుతా, విను. మొత్తం పదకొండు ఇళ్ళు. ఏ గ్రేడుకి పది అరిసెలు, బీ గ్రేడుకి ఐదు, సీ గ్రేడుకి మూడు.

సువార్తమ్మ: గ్రేడులేంటండీ, ఇదేమన్నా మిర్చి యార్డా?

ఇన్నయ్య: పోయినేడు మనకి ఏమొచ్చిందో దాన్నిబట్టి వేశాను. ప్లం కేకు ఇచ్చినవాళ్ళు ఏ. గులాబీ పువ్వుల పిండివంట ఇచ్చినవాళ్ళు బీ. ఉత్త క్యాలెండరు చేతిలో పెట్టినవాళ్ళు సీ.

సువార్తమ్మ: పైవాటా?

ఇన్నయ్య: కొట్టేశాను. మోటారు రిపేరుకి 3,700 అయింది. వాళ్ళ వాటా 1,850. ఆగస్టు నుంచి అడుగుతున్నా, "రేపిస్తా మాస్టారూ" అంటాడు. ఇప్పుడు అరిసెలు కూడానా?

సువార్తమ్మ: తిరిగి పిలిచేవాళ్ళని విందుకి పిలవొద్దన్నాడు ప్రభువు. లూకా 14. మీరు దాన్ని తిరగేసి గ్రేడులు వేశారు.

ఇన్నయ్య: నా మంచితనానికి వంకపెట్టకు. సర్వీసంతా చూడు, ఒక్క ముడుపు పుచ్చుకోలేదు. శుక్రవారం మాంసం ముట్టను. మొన్న గుడికి ఇరవై కుర్చీలు ఇచ్చాను.

సువార్తమ్మ: వీపు మీద పేరు రాయించి.

ఇన్నయ్య: రాయించకపోతే పక్క హాలువాళ్ళు ఎత్తుకుపోతారు. అది భద్రత.

సువార్తమ్మ: భద్రతకి "ఆర్సీయం" అని రాస్తే చాలదా? "ఇన్నయ్య, రిటైర్డ్ అకౌంటెంట్" అని రెండు వరుసలెందుకు? ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమంటే, మీరు ఇరవైమంది వీపులకి తెలిసేలా ఇచ్చారు. పళ్ళెంలో నీళ్ళు పొయ్యండి, పాకం చూడాలి.

(ఆమె గరిటెతో ఒక చుక్క నీళ్ళలో వేస్తుంది. వేళ్ళతో కూడదీస్తే అది ఉండ అవుతున్నట్టే అయి జారిపోతుంది.)

ఇన్నయ్య: అయింది. దించు.

సువార్తమ్మ: కాలేదు. ఉండ చేసి పళ్ళానికేసి కొడితే మెత్తగా నిలబడాలి. ఇంకో రెండు నిమిషాలు.

ఇన్నయ్య: ఈలోగా చెప్పు. నేను మంచివాణ్ణా, కాదా? ఒక్క ముక్కలో.

సువార్తమ్మ: లూకా 18లో, గుడిలో నిలబడి తన నిష్ఠలు ఏకరువు పెట్టిన పరిసయ్యుడు మిమ్మల్ని మించినవాడు. ధర్మశాస్త్రం అడిగింది ఏడాదికి ఒక్క ఉపవాసం, ప్రాయశ్చిత్త దినాన. ఆయన వారానికి రెండు చేశాడు. అంటే ఏడాదికి ఎన్ని?

ఇన్నయ్య: నూటనాలుగు.

సువార్తమ్మ: పైగా సంపాదనంతటిలో పదోవంతు. మీరు గ్రాసులో ఇస్తారా, నెట్‌లోనా?

ఇన్నయ్య: ...పెన్షన్ చేతికొచ్చాక, కరెంటు బిల్లు పోగా.

సువార్తమ్మ: చూశారా, ఆయన అబద్ధమేం ఆడలేదు. చేసిందే చెప్పాడు. బెడిసిందల్లా కొలతలో. అక్కడే నిలబడ్డ సుంకరితో, పన్నులు వసూలుచేసేవాడితో, తన్ను కొలుచుకున్నాడు. వాడి పక్కన ఎవడైనా పొడుగ్గానే కనిపిస్తాడు. మీకు పైవాటాయన ఉన్నట్టు ఆయనకి వాడు.

ఇన్నయ్య: నేను పరిసయ్యుణ్ణా?

సువార్తమ్మ: వాళ్ళు పుదీనా, సోపు, జీలకర్ర దాకా లెక్కపెట్టి పదోవంతు ఇచ్చారు. యాలకులు లెక్కపెట్టినవాణ్ణి మిమ్మల్నే చూశాను.

(ఆ విసురుకి ఇన్నయ్య లేచి పొయ్యి ఆపేస్తాడు. సువార్తమ్మ చూడదు. పాకంలో నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేస్తుంది. రోజంతా నానబెట్టి, వాడ్చి, తడి ఆరకముందే మర పట్టించి, గాలి తగలకుండా గిన్నెలో అదిమి ఉంచిన పిండిని కొంచెం కొంచెంగా పోస్తుంది. ఆయన తెడ్డుతో కలుపుతాడు. ఈ పనిలో మాత్రం ఇద్దరికీ శాఖాభేదం లేదు.)

ఇన్నయ్య: నాకూ బైబిలు తెలుసు. అపొస్తలుల కార్యములు 10. కొర్నేలీ అనే రోమా శతాధిపతి. అప్పటికి బాప్తిస్మం లేదు, ఏమీ లేదు. అయినా దూత వచ్చి ఏమన్నాడు? నీ ప్రార్థనలూ నీ ధర్మకార్యాలూ దేవుడి సన్నిధికి చేరాయన్నాడు. చేరాయా, లేదా?

సువార్తమ్మ: చేరాయి. చేరాక "ఇక చాలు, పడుకో" అన్నాడా? యొప్పేకి మనుషుల్ని పంపి పేతురుని పిలిపించుకోమన్నాడు. ధర్మకార్యాలే సరిపోతే సముద్రపుటొడ్డున చర్మకారుడి ఇంట్లో ఉన్న మనిషిని అంతదూరం ఎందుకు నడిపించడం?

ఇన్నయ్య: మీ లూథరన్లకి క్రియలంటేనే ఒళ్ళుమంట. యాకోబు పత్రికని గడ్డి పత్రిక అన్నాడు మీ లూథర్. 1522లో, కొత్త నిబంధన ముందుమాటలో.

సువార్తమ్మ: తర్వాతి ముద్రణల్లో ఆ మాట తీసేశారు. అది మాత్రం చెప్పరు. మీ కేథలిక్కుల ట్రెంటు మహాసభ సంగతి చెప్పనా? 1547లో తీర్మానం చేసి, దాని కింద మొట్టమొదటి నియమం ఏం పెట్టారు? కృప లేకుండా తన సొంత క్రియలతోనే మనిషి దేవుడి ఎదుట నీతిమంతుడవుతాడని ఎవడన్నా అంటే వాడు శాపగ్రస్తుడని. అరిసెల పిండి కలుపుతూ మీ సభ చేతే శాపం పెట్టించుకుంటున్నారు.

ఇన్నయ్య: ట్రెంటు నీకెందుకు?

సువార్తమ్మ: అవతలివాళ్ళ కాగితం చదవకుండా స్త్రీల సమాజంలో నోరు విప్పుతామా?

ఇన్నయ్య: నేనూ చదివాను. మీ లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ఒప్పుకోలు, 1530, ఆరో అధికరణ. విశ్వాసం మంచి ఫలాలు ఫలించి తీరాలని ఉంది. కృప ఉందిగా, క్రియలదేముందంటూ క్రిస్మస్ ముందు అడ్వెంటు నాలుగు వారాలూ నువ్వు ముసలాళ్ళని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళలేదు.

సువార్తమ్మ: మోకాళ్ళ నొప్పులు.

(ఇలాంటి ఇళ్ళల్లో ఇది మామూలే. ఎవరి శాఖ కాగితాలు ఎదుటివారికే కంఠతా. నిజానికి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులూ లూథరన్ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు: మనలోని ఏ యోగ్యతా చూడకుండా కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, మనం పొందే పరిశుద్ధాత్మే మంచిపనులకి మనల్ని సిద్ధం చేస్తాడు అని. ఆ సంతకాల సంగతి ఈ వంటింటిదాకా రాలేదు.)

సువార్తమ్మ: నూనె కాగింది. ఒకటి తట్టి వేస్తున్నా.

(అరిసె నూనెలో పడి, ఒక్క క్షణం గుండ్రంగా తేలి, అంచుల నుంచి విడిపోయి ముక్కలవుతుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.)

సువార్తమ్మ: పాకం లేత! పొయ్యి ఎవరాపారు?

ఇన్నయ్య: పరిసయ్యుడు.

సువార్తమ్మ: పాకం ముదిరితే రాళ్ళవుతాయి, లేతయితే ఇలా చెదిరిపోతాయి. ఇందుకే పిండి మొత్తం ఒకేసారి పొయ్యను. ఆ మూలగిన్నెలో రెండు గుప్పెళ్ళు ఆపాను, ఇటివ్వండి. గట్టిపడేదాకా కలపండి. మంట తగ్గించండి, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

(కలుపుతారు. ఈసారి అరిసె విడిపోకుండా పొంగుతుంది. రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి ఆమె నూనె పిండుతుంది. ఇన్నయ్య తుంచి నోట్లో వేసుకుంటాడు.)

ఇన్నయ్య: బాగుంది. ఇంతకీ నా మంచితనం అబద్ధమంటావు.

సువార్తమ్మ: ఎవరన్నారు? ఆ అరిసె తీపా, కాదా? తీపే. ఆ తీపి పిండిదా? కాదు, బెల్లం ఇచ్చింది. మీ మంచితనం నిజమే, కాకపోతే పుచ్చుకున్నది. బెల్లం దానికదే తీపి.

ఇన్నయ్య: బెల్లానికి చెరుకు ఇచ్చింది.

సువార్తమ్మ: అబ్బా.

ఇన్నయ్య: చెరుక్కి అనకాపల్లి నేల ఇచ్చింది. నేలకి?

సువార్తమ్మ: అలా వెనక్కి పోతూ పోతూ, ఎవరి దగ్గరా పుచ్చుకోనివాడు ఒకడి దగ్గర ఆగాలి కదా! ఆయన్నే దేవుడంటున్నాను. మీ థామస్ అక్వినాసే చెప్పాడు: దేవుడు తన స్వభావంచేతనే మంచివాడు, తక్కినవన్నీ ఆయన మంచిలో పాలుపొంది మంచివి. ధనవంతుడు "సద్బోధకుడా" అని పిలిస్తే, దేవుడొక్కడే సత్పురుషుడని ప్రభువు అన్నది అందుకే. మన మంచి చిన్నదీ ఆయన మంచి పెద్దదీ అని కాదండీ. మనది ఎదుటివాడిలో ఏదో ఒకటి చూసి కదులుతుంది. కేకు చూసి, చుట్టరికం చూసి, కనీసం జాలి మొహం చూసి. ఆయనది ఏమీ చూడకుండా మొదలవుతుంది. మనం ఇంకా పాపులుగా ఉండగానే అన్నాడు పౌలు. బాగుపడ్డాక అనలేదు.

ఇన్నయ్య: అదే నాకు మింగుడుపడదు. ద్రాక్షతోట కథే తీసుకో. పొద్దున్నే వచ్చినవాడు పన్నెండు గంటలు చేశాడు. సాయంత్రం ఐదింటికి వచ్చినవాడు ఒక్క గంట. ఇద్దరికీ ఒకే దేనారం. గంట రేటు పన్నెండింతలు! మా బ్యాంకులో అలా వోచరు రాస్తే సస్పెన్షన్.

సువార్తమ్మ: పొద్దున వచ్చినవాడికి మాట్లాడుకున్న కూలి ఇచ్చాడా, లేదా?

ఇన్నయ్య: ఇచ్చాడు.

సువార్తమ్మ: ఒక్క పైసా తగ్గలేదు కదా. మరి ఏడుపెందుకు? యజమాని అడిగాడుగా, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" అని. రాత్రికి జెలుసిల్ వేసుకుని పడుకోండి.

ఇన్నయ్య: పైవాటాకి ఇవ్వను. 1,850.

సువార్తమ్మ: సరే, లెక్కలోకే వద్దాం. పెన్ను తియ్యండి. మత్తయి 18. రాజుకి ఒకడు పదివేల తలాంతులు బాకీ. తలాంతుకి ఆరువేల దేనారాలు. దేనారం అంటే రోజుకూలి.

ఇన్నయ్య: పదివేలు ఇంటూ ఆరువేలు... ఆరు కోట్లు.

సువార్తమ్మ: రోజుకూలి ఐదొందలు వేసుకోండి.

ఇన్నయ్య: మూడు వేల కోట్లు! ఏ మేనేజరు ఇచ్చాడు వాడికి ఇంత లోను? సెక్యూరిటీ ఏం పెట్టాడు? ఏడాదికి మూడొందల రోజులు పనిచేసి, తినకుండా కట్టినా రెండు లక్షల ఏళ్ళు పడుతుంది.

సువార్తమ్మ: "ఓర్చుకో, అంతా చెల్లిస్తా" అన్నాడు వాడు.

ఇన్నయ్య: రీషెడ్యూల్ అడిగాడన్నమాట. సిగ్గులేకుండా.

సువార్తమ్మ: రాజు రీషెడ్యూల్ చెయ్యలేదు. మొత్తం కొట్టేశాడు. వాడు బయటికొచ్చి, తనకి నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్నాడు.

ఇన్నయ్య: నూరు దేనారాలంటే యాభై వేలు. అదేం చిన్న మొత్తం కాదు. మూడు నెలల పైచిలుకు కూలి. వాడు అడగడంలో న్యాయం ఉంది.

సువార్తమ్మ: ఉంది. బాకీ నిజమే. కానీ వాడికి కొట్టేసింది దానికి ఎన్నింతలు?

ఇన్నయ్య: (వేళ్ళు మడుస్తూ) ఆరు లక్షల ఇంతలు.

సువార్తమ్మ: ఇప్పుడు 1,850 చదవండి మళ్ళీ.

(ఇన్నయ్య చదవడు. పుస్తకం మూసి, తెరిచి, కళ్ళజోడు తుడుచుకుంటాడు.)

ఇన్నయ్య: బాకీ కొట్టెయ్యను. అరిసెలు ఇస్తా. ఐదు. బీ గ్రేడు.

సువార్తమ్మ: గ్రేడు తీసెయ్యండి.

ఇన్నయ్య: గ్రేడు లేకుండా ఐదు. ఏ పద్దు కింద రాయను?

సువార్తమ్మ: రాయొద్దు.

ఇన్నయ్య: రాయకపోతే చివర్లో లెక్క తేలదు. ఉండు... ఇదేంటి? లిస్టులో అడుగున ఒక పేరు కొట్టేసి ఉంది. ఇది నా సిరా కాదు. ఫిరంగిపురం మా అక్క!

సువార్తమ్మ: పక్కకి జరగండి, నూనె చిందుతుంది.

ఇన్నయ్య: ఎవరు కొట్టేశారు?

సువార్తమ్మ: వదిన సంగతి వేరు.

ఇన్నయ్య: కృతజ్ఞతలేని వారియెడలా దుష్టులయెడలా దేవుడు ఉపకారి. లూకా 6:35. మొన్న స్త్రీల సమాజంలో ఈ వాక్యం మీదే గంటసేపు చెప్పావు.

సువార్తమ్మ: నలభై నిమిషాలే. అందులో ఆడబిడ్డల ప్రస్తావన రాలేదు.

ఇన్నయ్య: పది పెట్టు మా అక్కకి.

సువార్తమ్మ: మూడు.

ఇన్నయ్య: పైవాటాకి ఐదు, మా అక్కకి మూడా?

సువార్తమ్మ: పైవాటాయన 1,850 ఎగ్గొట్టాడు గానీ, నేను పెట్టిన చేపలపులుసు ఉప్పుకషాయమని నలుగురిలో అనలేదు.

ఇన్నయ్య: అది 1998లో!

సువార్తమ్మ: ఏప్రిల్ 12. ఈస్టరు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర, రెండో పంక్తిలో.

ఇన్నయ్య: నా పుస్తకమే నయం. ఏడాది తిరిగితే కొత్తది మొదలుపెడతాను.

సువార్తమ్మ: ...సరే, ఐదు పెడతాను. మొదటి వాయివి.

ఇన్నయ్య: చెదిరిపోయినవా!

సువార్తమ్మ: ఆ చిల్లుల గరిటె ఇలా ఇవ్వండి, మాడిపోతున్నాయి.