ఉచితంగా వచ్చిన వైరు

మా ఎదురింటాయన జనరేటర్ కొన్నారు. కొనే ముందు ఆయన చెయ్యని పరిశోధన లేదు. రంగు చూశారు. చక్రాలున్నాయో లేదో చూశారు. తోడల్లుడి దగ్గరున్నది ఎంతదో కనుక్కుని, దానికంటే ఒక నంబరు పైది తీసుకున్నారు. ఇంతకంటే శాస్త్రీయంగా ఎవరు మాత్రం కొనగలరు?

కొట్లో కుర్రాడు "మీ లోడెంత సార్?" అని అడిగితే, "మాకేం లోడు బాబూ, నలుగురమే" అన్నారట. "అయితే 5 కేవీఏ తీసుకోండి, ఇల్లంతా లాగేస్తాది" అని వాడు తేల్చేశాడు. 5 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) లెక్కన చేతికొచ్చేది 4 కిలోవాట్లే. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు తిరిగేటప్పుడు బుద్ధిగా ఓ కిలోవాటుతో సరిపెట్టుకున్నా, లేచేటప్పుడు అయిదారు రెట్లు కరెంటు లాగి మరీ లేస్తుంది. ఇలాంటి అశుభం మాటలు కొట్లో ఎవరూ మాట్లాడరు.

పైగా ఇది సైలెంట్ మోడలట. డీజిల్ జనరేటర్ చప్పుడు, దాని డబ్బాకి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదని నిబంధన. అంటే ఇంచుమించు వ్యాక్యూమ్ క్లీనర్ రొద. దాన్ని సైలెంట్ అనగలిగితే మా పెద్దత్తయ్య మితభాషి.

వానొస్తే తడుస్తుందని హాల్లో పెడతానన్నారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే పని కానిచ్చేస్తుంది. కొత్త టైల్స్ మీద ఆయిల్ మరకలు పడతాయని వాళ్లావిడ ఒప్పుకోలేదు. ఆ టైల్స్ చల్లగా ఉండాలి.

ఇక ప్రారంభోత్సవం. నిమ్మకాయలు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మొదటిసారి కరెంటు పోగానే ఆయన సైన్యాధిపతిలా గుమ్మంలోకొచ్చి "ఏసీ ఆపండి! ఫ్రిజ్ ఆపండి! గీజర్ ఎవరేశారు?" అని కేకలు మొదలెట్టారు. గీజర్ వేసినాయన బాత్‌రూమ్‌లో చీకట్లో సబ్బు వెతుక్కుంటున్నాడు. తాళం కనపడలేదు. అది పూజగదిలో పసుపు బొట్టుతో దొరికింది. దొరికాక బ్యాటరీ డౌన్. జనరేటర్ స్టార్టవ్వాలంటే బ్యాటరీ చార్జవ్వాలి, బ్యాటరీ చార్జవ్వాలంటే కరెంటుండాలి. పక్కింటి కారు బ్యాటరీ తెచ్చి తగిలించాక, నల్లటి పొగ కక్కి అది లేచింది. వీధిలో కుక్కలన్నీ లేచాయి. సరిగ్గా అప్పుడే వీధి దీపాలు వెలిగాయి. అయినా ఆయన ఆపలేదు. పోసిన డీజిల్ వృథా పోదూ!

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత దాన్ని ఇంటికి ఎలా కలిపారో చూశాను.

చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని వీధి లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్, లేదు. దండగ ఖర్చని వద్దన్నారట. బదులుగా కొట్టువాడు ఫ్రీగా ఓ వైరిచ్చాడు, రెండు వైపులా ప్లగ్గున్న వైరు. ఒక చివర జనరేటర్‌లో, రెండో చివర గోడ సాకెట్‌లో. ఇల్లంతా వెలుగు! మెయిన్ ఆపడం మర్చిపోయారా, ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి 11 వేల వోల్టులుగా లేవొచ్చు కూడా. అంత దాకా ఎందుకు, 230 చాలు. పైన స్తంభం మీద ఉన్నవాడు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామన్న హామీ) తీసుకుని, లైను చచ్చిందన్న నమ్మకంతో తీగ పట్టుకుంటాడు. వాణ్ని చంపే వైరుని కొసరుగా ఇచ్చినవాడు వ్యాపారా? పుచ్చుకున్నవాడు పెద్దమనిషా? 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక విశాఖలో రోజుల తరబడి చీకట్లో కూర్చున్నాం. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి స్తంభాలెక్కినవాళ్లకి మంచినీళ్లిచ్చి దండం పెట్టాం. ఈయనా పెట్టారు, నేను చూశాను.

అడిగితే, "మెయిన్ ఆపుతాం కదా మాస్టారూ, ఎప్పుడో తప్ప మర్చిపోం" అన్నారు.

మొన్న గాలికి మా వీధి చివర తీగ తెగింది. లైన్‌మన్ కుర్రాడు నిచ్చెన వేశాడు. నేను లుంగీ మీదే వీధి దాటి, ఎదురింటి మెయిన్ ఆపేసి, దాని మీద చెయ్యేసి నిలబడ్డాను. నలభై నిమిషాలు. ఆయన రెండుసార్లొచ్చి, "టీ తాగుతారా మాస్టారూ?" అని మర్యాదగా అడిగి వెళ్లారు.