లారీలు కాదు, ట్రిప్పులు లెక్కపెట్టండి

2025 మార్చి 31న తెలంగాణ బియ్యం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరాయి. 12,500 టన్నులు, ఎంటీయూ 1010 రకం. జెండా ఊపిన ఫొటోలు చాలామందే చూశారు. ఆ ఓడ నిండాలంటే వెనుక ఎంత కదలాలో లెక్క వేసినవారు తక్కువ. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం చొప్పున 18,600 టన్నులకు పైగా వడ్లు కావాలి. 40 కిలోల సంచులైతే 4.66 లక్షలు, 25 టన్నుల లారీలైతే సుమారు 750 లోడ్లు. ఇది కల్లం నుంచి మిల్లు దాకే. అక్కడి నుంచి రేవుకు బియ్యంతో ఇంకో 500.

సముద్రం మీద వచ్చే ఆలస్యం గురించి అందరూ మాట్లాడతారు. నల్లగొండ, పాలమూరు రైతుకు ఆలస్యం ఎదురయ్యేది మిల్లు గేటు దగ్గర.

ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో రోజుకు 1,250 సంచులు కాంటా అవుతాయనుకుందాం. అంటే రెండు లారీల సరుకు. వెళ్లిన లారీ ఆ రాత్రికే తిరిగొస్తే రెండు లారీలు చాలు. మిల్లులో దించుకోక మూడో రోజు దాకా తిరిగి రాకపోతే అదే పనికి ఆరు కావాలి. కాంట్రాక్టరు పెట్టినవి మాత్రం రెండే. లారీలు చాలడం లేదని అధికారులు, దించుకోవడం లేదని డ్రైవర్లు అంటారు. డ్రైవర్ల మాటే నిజం.

దించుకోకపోవడానికి హమాలీల కొరత ఒక్కటే కారణం కాదు. పాత బియ్యం గోదాముకు కదలకపోతే మిల్లులో కొత్త వడ్లకు చోటుండదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేసి, సుంకాన్ని సగానికి తగ్గించింది. అక్టోబరులో ఆ మిగిలిన సుంకమూ తీసేసింది. ఢిల్లీలో ఇలా తలుపు మూసి తెరిచినప్పుడల్లా మిర్యాలగూడ మిల్లుల నిల్వల లెక్క తారుమారవుతుంది. గొలుసు ఎప్పుడూ చివరి నుంచే బిగుసుకుంటుంది.

గేటు దగ్గర నిలిచిన లారీలో వడ్లు ఊరికే ఉండవు. తేమ 17 నుంచి 16 శాతానికి దిగితే సంచికి దాదాపు అర కిలో తగ్గుతుంది, 625 సంచుల లారీలో అది మూడు క్వింటాళ్లు. వాన తగిలితే గింజ వేడెక్కి రంగు మారుతుంది. రెండింటికీ మిల్లులో పెట్టే పేరు ఒకటే, తరుగు. తేమ ఆరి తగ్గిన బరువును తరుగు కింద కోయడం దోపిడీయే.

లారీ చేరిన గంటలోనే వేబ్రిడ్జి తూకం వేసి, ఆ చీటీనే లెక్కకు తీసుకోవాలి. రేపు ఎన్ని సంచులు దించుకోగలదో మిల్లు ఇవాళ సాయంత్రానికే కొనుగోలు కేంద్రానికి చెప్పాలి. కాంటా అంతవరకే వేయాలి, మిగతా కుప్ప టార్పాలిన్ కింద ఉండటమే మేలు. 24 గంటలు దాటిన వెయిటింగ్ చార్జీ మిల్లు మీదే పడాలి. రవాణా టెండర్లలో లారీల సంఖ్యతో పాటు రోజుకు ఎన్ని ట్రిప్పులో కూడా రాయాలి. యాసంగి కేంద్రాలు తెరవకముందే ఏ మిల్లులో ఎన్ని హమాలీ ముఠాలున్నాయో కొనుగోలు కేంద్రం బోర్డు మీద కనిపించాలి. ముఠా లేని మిల్లుకు లారీ పంపవద్దు.