తాగని మనిషిని తాగుబోతును చేయకండి

ఇప్పుడే మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ చేరాం. కాళ్లు కూడా కడుక్కోకుండా ఇది రాస్తున్నాను. కడుపు మండిపోతోంది.

ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం. మా ఆయన విస్తరి ముందు కూర్చుని, "అన్నం కొంచెం చాలక్కా, స్వీటు వద్దు" అన్నారు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందని తేలిందని నేనే చెప్పాను. "లివరా? తమ్ముడు ఎప్పటి నుంచి తాగుతున్నాడు?" అని పంక్తిలో అందరూ వినేలా అడిగింది. తింటున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. పండగనాడు కల్లు పోసినా ముట్టని మనిషి ఆయన. తల దించుకుని పప్పన్నం కలుపుతూనే ఉండిపోయారు, ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

ఆ వెంటనే కూల్‌డ్రింకు తెచ్చి గ్లాసు నిండా పోసింది, "ఇది మందు కాదులే, తాగు" అంటూ. లివరుకు చేటు చేసేది అదే కదా! పావు లీటరు సీసాలో సుమారు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజే. దాని భారం చాలావరకు లివరు మీదే పడుతుంది, ఎక్కువైతే అక్కడే కొవ్వుగా మారుతుంది. చుక్క మందు ముట్టకుండానే లివరు పాడయ్యే దారుల్లో ఇదొకటి. 2023లో వైద్యులు ఈ జబ్బు పేరులోంచి మద్యం ఊసే తీసేసి, జీవక్రియ లోపం అన్న మాట చేర్చారు. మన బంధువుల నోట మాత్రం లివరు అనగానే సీసానే వస్తుంది.

ఆయన బరువు 86 కిలోలు ఉండేది. ఏడు నుంచి పది శాతం తగ్గితే కొవ్వే కాదు, లివరు వాపు కూడా తగ్గుతుందని డాక్టరు చెప్పారు. అంటే కనీసం ఆరు కిలోలు. నాలుగు ఇప్పటికే తగ్గారు. పొద్దున నడక, రాత్రికి రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర. రెండే, మూడోది అడిగినా వేయను.

రొట్టె అంటే గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ నారాయణపేట నుంచి జొన్న రొట్టెలు మూట కట్టి పంపింది. "మా ఇంట్లో అన్నానికి కరువు రాలేదు" అని ఇదే వదిన వాటిని బర్రెల కుడితిలో వేయించింది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, ఊరి చుట్టూ రైసు మిల్లులు ఉన్నవాళ్లకు వాన మీద బతికిన పాలమూరు తిండి చులకనైంది. తెల్లవారుజామున మా అమ్మ మరిగే నీళ్లతో పిండి పిసికి, పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద తడిగుడ్డ అద్ది కాల్చిన రొట్టెలు అవి. పదిహేడేళ్లయింది. ఆ కుడితి తొట్టి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అమ్మకు ఈనాటికీ చెప్పలేదు.

ఈ రోజు ఆయనను నిలబెడుతున్నది ఆ రొట్టే.

వచ్చే ఆదివారం వదిన వాళ్లు మా ఇంటికి వస్తున్నారు. రొట్టె, పుంటికూర పప్పు, మజ్జిగ. అందరికీ అవే వడ్డిస్తాను. కూల్‌డ్రింకు సీసా మా గడప దాటదు.